విజిల్ పడ్డాక పట్టు పౌరుషం కాదు

నా ఫోన్ రివ్యూలకు రెండు మూడు వేల వ్యూస్ వస్తే ఆ రోజు నాకు పండగే. గత సంక్రాంతికి పెట్టిన పదమూడు సెకన్ల వీడియోకు మాత్రం ఒక్క రాత్రిలో లక్ష దాటాయి. అందులో ఫోనూ లేదు, గాడ్జెట్టూ లేదు. కబడ్డీ కోర్టులో ఒక కుర్రాణ్ని పైకెత్తి నేలకేసి కొట్టడం ఉంది. కింద కామెంట్లన్నీ మంట గుర్తులు, ‘పట్టంటే అదీ’ అనే పొగడ్తలు. వాటిని చూసి మురిసిపోయిన వాళ్లలో మొదటివాణ్ని నేనే. అందుకే ఈ వ్యాసం మీకు నీతులు చెప్పడానికి కాదు, ఒక తప్పు ఒప్పుకోవడానికి మొదలుపెట్టాను.

రావులపాలెం నుంచి గౌతమి బ్రిడ్జి దాటితే మా జొన్నాడ. పండగ మూడు రోజులూ చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా కొబ్బరితోట పక్కన ఫ్లడ్ లైట్లు, మైకు, వెదురు కంచె, లోపల కబడ్డీ. నేను వెళ్లిన ఊరి పేరు రాయను. ఎందుకంటే మీ ఊరైనా అంతే, మా ఊరైనా అంతే. బ్యానర్ మీద ‘జూనియర్స్’ అని ఉంది. రైడ్‌కు వచ్చిన కుర్రాడు ఇంటర్ సెకండియర్. మహా అయితే 52 కిలోలు ఉంటాడు. ఇద్దరు డిఫెండర్లు పట్టేశారు, ఒకరు చీలమండ, ఒకరు తొడ. కూత ఆగింది. విజిల్ పడింది. అప్పుడు మూడోవాడు పరుగెత్తుకొచ్చాడు. మీసాలు బాగా తిరిగినవాడు, 80 కిలోలకు తక్కువ ఉండడు. నడుం దగ్గర పట్టి ఎత్తాడు, కుదేశాడు. భుజం, తల ఒకేసారి నేలకు తగిలాయి.

కార్డు లేదు. హెచ్చరిక లేదు. పట్టిన జట్టుకు పాయింటు ఇచ్చారు. మైకులో అన్నయ్య ‘అదిరిందమ్మా’ అన్నాడు. కుర్రాడి ముఖాన ఇన్ని నీళ్లు కొట్టి, రెండు నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ ఆడించారు. ఎత్తి కొట్టినాయనకు ఆ రాత్రి బెస్ట్ క్యాచర్ కింద టేబుల్ ఫ్యాను వచ్చింది. నాకు లక్ష వ్యూస్ వచ్చాయి. ఆ కుర్రాడికి అర్ధరాత్రి రెండుసార్లు వాంతులు వచ్చాయి.

నాలుగో రోజు వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. నా నంబరు ఎవరిచ్చారో తెలీదు. “మీరేనాండీ ఆ వీడియో పెట్టింది? తీసేయండి బాబూ. మావోడు పడుకోకుండా మాటిమాటికీ అదే చూస్తన్నాడండి” అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. రాజమండ్రిలో స్కాన్ తీశారట, ఏమీ లేదన్నారట. కానీ తలనొప్పి తగ్గలేదు, లైటు చూడలేకపోతున్నాడు, పుస్తకం పట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అవతల ఇంటర్ ప్రాక్టికల్స్. నేను వీడియో తీసేశాను. అప్పటికే అది ఎన్ని గ్రూపుల్లోకి వెళ్లిందో లెక్క లేదు.

తీసేసే ముందు ఒక పని చేశాను. ఒరిజినల్ ఫైలు కంప్యూటర్లో వేసి ఫ్రేము ఫ్రేముగా చూశాను. సెకనుకు 240 ఫ్రేములతో తీసిన స్లో మోషన్ అది. విజిల్ శబ్దం దగ్గర్నుంచి ఆ కుర్రాడి కాళ్లు నేల వదిలేదాకా లెక్కపెడితే 300 ఫ్రేములు. అంటే సెకనుంబావు. ‘ఊపులో జరిగిపోయింది’ అనడానికి వీల్లేని సమయం. మూడోవాడు పరుగు మొదలుపెట్టేసరికే రైడ్ అయిపోయింది.

గట్టి పట్టు వేరు, ప్రమాదం వేరు

ఇక్కడ మీలో కొందరు అంటారు, ‘కబడ్డీ అంటే దెబ్బలు మామూలే బ్రో, భయమైతే చెస్ ఆడుకోమను’ అని. నేనూ ఇంజినీరింగ్‌లో కాలేజీ టీమ్‌కు కార్నర్‌లో ఆడాను. మోకాళ్లు చెక్కుకుపోవడం, వేళ్లు బెణకడం నాకు కొత్త కాదు. వాటి గురించి కాదు ఈ గొడవ.

యాంకిల్ హోల్డ్, థై హోల్డ్, చైన్, బ్లాక్ అన్నీ గట్టివే. అవన్నీ రైడర్‌ను ఆపడానికి. ఆగిపోయిన వాణ్ని ఎత్తి కొట్టడం ఆపడానికి కాదు, చూపించుకోవడానికి. కబడ్డీ రూల్స్ ఈ తేడాను ఏనాడో గుర్తించాయి. కూత ఆపడానికి నోరు మూయడం, గొంతు నొక్కడం, కాళ్లతో కత్తెర వేయడం, గాయమయ్యేలా హింసాత్మకంగా పట్టడం ఫౌల్స్. గోళ్లు కత్తిరించుకుని రావాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు అని కూడా రూలే. తప్పు చేస్తే ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డుకు రెండు నిమిషాలు బయట, ఎర్ర కార్డుకు మ్యాచ్ నుంచే బయట. టీవీలో ప్రో కబడ్డీ మొదలైన 2014 నుంచి మనమంతా ఈ కార్డులు చూస్తున్నాం. మన ఊరి రిఫరీ జేబులో మాత్రం అవి ఉండవు. విజిల్ ఉంటుంది, స్కోరు చీటీ ఉంటుంది, అంతే.

రూలు ముందే తేల్చుకోకపోతే ఎంత పెద్ద వేదికైనా గొడవే. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ పురుషుల ఫైనల్ గుర్తుందా? భారత్, ఇరాన్ మ్యాచ్‌లో పాత రూలా కొత్త రూలా అని తేలక ఆట దాదాపు గంట ఆగిపోయింది. చివరికి 33-29తో మనమే గెలిచాం. అక్కడ పాయింట్ల గురించి గంట ఆగారు. మన దగ్గర తల నేలకు తగిలితే రెండు నిమిషాలు.

కాటా ఎక్కడ?

రెండో విషయం బరువు. కబడ్డీలో వయసుకూ బరువుకూ హద్దులు ఊరికే పెట్టలేదు. సీనియర్ పురుషులకు 85 కిలోలు. జూనియర్ బాలురకు 20 ఏళ్లు, 70 కిలోలు. సబ్ జూనియర్లకు 16 ఏళ్లు, 55 కిలోలు. మన పండగ టోర్నీల్లో ‘జూనియర్’ అంటే నిర్వాహకులకు తెలిసిన కుర్రాడు అని అర్థం. ఎంట్రీ ఫీజు కడితే చాలు, ఆధార్ అడగరు, కాటా ఎక్కించరు. ప్రైజ్ మనీ పెరిగేకొద్దీ పక్క మండలం నుంచి ‘గెస్ట్ ప్లేయర్లు’ దిగుతారు. 52 కిలోల పిల్లాడి మీద 80 కిలోల మనిషి పడితే అది రిఫరీ చూడాల్సిన ఫౌల్ కంటే ముందు, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర జరిగిన ఫౌల్.

మంచు మీద నేర్చుకున్న పాఠం

ఈ సమస్య మనదొక్కరిదే కాదు. కెనడాలో పిల్లలు ఐస్ హాకీ మనం గల్లీ క్రికెట్ ఆడినట్టు ఆడతారు. అందులో ఎదుటివాణ్ని శరీరంతో ఢీకొట్టి పుక్ లాక్కోవడాన్ని బాడీ చెకింగ్ అంటారు. ఏ వయసు నుంచి దాన్ని అనుమతించాలనే దానిపై అక్కడ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ‘చిన్నప్పుడే నేర్పితే పెద్దయ్యాక తట్టుకుంటారు’ అన్నది పాతతరం వాదన. మన దగ్గర వినిపించే మాటే కదా!

అప్పుడు పరిశోధకులు ఒక మంచి పని చేశారు. 11, 12 ఏళ్ల పిల్లలకు ఢీకొట్టడాన్ని అనుమతించే ఆల్బెర్టా రాష్ట్రాన్ని, అనుమతించని క్యుబెక్‌ను పక్కపక్కన పెట్టి పోల్చారు. 2010లో ఫలితాలు వచ్చాయి. ఆల్బెర్టా పిల్లలకు గాయాల ముప్పు, తలకు కంకషన్ ముప్పు మూడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. 2013లో హాకీ కెనడా ఆ వయసు పోటీల్లో బాడీ చెకింగ్‌ను దేశమంతా ఆపేసింది. ఆట చచ్చిపోలేదు. ఇప్పటికీ అది అక్కడ ఊపిరే.

నేను కబడ్డీలో పట్టు తీసేయమనడం లేదు. పట్టు లేకపోతే కబడ్డీయే లేదు. వాళ్లు ఆటను ప్రేమిస్తూనే, పౌరుషాన్ని పక్కనపెట్టి లెక్క చూశారు. మనమూ చూడొచ్చు కదా అంటున్నాను.

తలకు దెబ్బ తగిలితే

ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. కంకషన్ అంటే స్పృహ తప్పడమే కాదు. చాలాసార్లు స్పృహ తప్పదు. తలనొప్పి, వాంతులు, తూలడం, చూపు మసకబారడం, అడిగిందే మళ్లీ అడగడం, స్కోరెంతో మర్చిపోవడం, ఇవన్నీ గుర్తులే. స్కాన్‌లో ఏమీ కనపడకపోయినా కంకషన్ ఉండొచ్చు. ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం ఒకటే. అనుమానం ఉంటే ఆ రోజు ఇక ఆట లేదు. మెడ నొప్పి అన్నా, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కాయన్నా మనిషిని కదపకుండా 108కి ఫోన్ చేయాలి. నీళ్లు కొట్టి లేపి నిలబెట్టడం సాయం కాదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మొదటి దెబ్బ మానకముందు తగిలే రెండో దెబ్బ ప్రాణం తీయగలదు. కెనడాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల అమ్మాయి రగ్బీ ఆడుతూ కొద్దిరోజుల తేడాలో తలకు దెబ్బల మీద దెబ్బలు తిని 2013లో చనిపోయింది. 2018లో ఆంటారియో రాష్ట్రం ఆమె పేరుతోనే చట్టం తెచ్చింది. క్రికెట్లో 2019 నుంచి కంకషన్ సబ్‌స్టిట్యూట్ ఉన్నదీ ఇందుకే. లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ లాంటివాణ్నే కూర్చోబెట్టి లబుషేన్‌ను దింపారు. స్మిత్ కూర్చోగా లేనిది మన కుర్రాడు కూర్చుంటే పరువు పోతుందా?

మన దగ్గర చావులు లేవా? 2021 సంక్రాంతి రోజుల్లో కడప జిల్లాలో ఒక యువకుడు కబడ్డీ ఆడుతూ కూలిపోయి చనిపోయాడు. 2022 జులైలో తమిళనాడు కడలూరు జిల్లాలో ఒక రైడర్ కోర్టులోనే ప్రాణం వదిలాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. వీటికి ఎవరో ఒకరి క్రూరమైన పట్టే కారణమని నేను అనను. కానీ పక్కన డాక్టరో, తెలిసినవాడో ఒకడు ఉండాలనడానికి ఇంకెన్ని వీడియోలు కావాలి?

మనం చేయగలిగింది

‘ఊరి టోర్నీకి అంత డబ్బెక్కడిది’ అంటారు. లెక్క వేద్దాం. మూడు రంగుల అట్టముక్కలకు ముప్పై రూపాయలు. బియ్యం కొట్టు కాటా ఒక పూట అరువు. వయసు చూడటానికి ఆధార్ కార్డులు ఎలాగూ అందరి ఫోన్లలో ఉన్నాయి. కోర్టు మెత్తగా ఉండటానికి గోదావరి ఇసుకా, కొబ్బరిపొట్టూ మన దగ్గర కాకపోతే ఎక్కడ దొరుకుతాయి? వెదురు కంచెను లైను నుంచి నాలుగడుగులు వెనక్కి జరపడానికి రూపాయి కూడా అక్కర్లేదు. బాణసంచా ఖర్చులో పదోవంతు కూడా కాదిది.

ఇంకోటి. ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కూ యాభై ఫోన్లు రికార్డు చేస్తున్నాయి. వాటిని రీల్స్‌కు కాదు, రిఫరీకి వాడండి. విజిల్ పడ్డాక పట్టినవాడు ఎవడో మ్యాచ్ అయ్యాక చూసి, తర్వాతి మ్యాచ్‌కు కూర్చోబెట్టండి. బెస్ట్ క్యాచర్ బహుమతి మీద ఒక్క షరతు రాయండి: కార్డు తిన్నవాడికి ఇవ్వబడదు. మైకు పట్టుకున్న అన్నయ్యకూ ఒక మాట. ఆ ‘అదిరిందమ్మా’ ఉంది చూశారా, కుర్రాళ్లకు అదే కోచింగ్.

ఆడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా చెబుతున్నా. 2024 క్రీడా విధానంలో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. అక్కడిదాకా వెళ్లాలంటే ఊరి కోర్టు దాటి జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాట్ ఎక్కాలి. అక్కడ రిఫరీ జేబులో కార్డులుంటాయి. రెండు నిమిషాలు నువ్వు బయట కూర్చుంటే నీ జట్టు ఆరుగురితో ఆడాలి. ఏ సెలెక్టరూ అలాంటివాణ్ని కావాలని తీసుకోడు. విజిల్ వినగానే చేతులు వదిలేయడం మెతకదనం కాదు. అదీ ప్రాక్టీసే. రోజూ చేస్తేనే వస్తుంది.

ఆ కుర్రాడు కోలుకున్నాడు. ప్రాక్టికల్స్ రాశాడు, పాసయ్యాడు. మొన్న రావులపాలెం బస్టాండులో కనిపించాడు. “అన్నా, ఆ వీడియో నీ దగ్గరుందా?” అని అడిగాడు. ఎందుకురా అంటే, “నన్ను పట్టినాయనకు చూపిద్దామని. విజిల్ పడిందని ఆయనకు నిజంగానే వినపడలేదేమో” అన్నాడు.

ఒరిజినల్ ఫైలు ఇంకా నా హార్డ్ డిస్కులో ఉంది. ఈసారి దాన్ని ఎక్కడా పోస్ట్ చేయను. పండక్కి ముందు కమిటీ కుర్రాళ్లు లైట్లూ మైకూ మాట్లాడుకోవడానికి కూర్చుంటారు కదా, అక్కడ వేసి చూపిస్తాను. వెంట మూడు అట్టముక్కలు కూడా తీసుకెళ్తాను. మీ ఊళ్లోనూ అలాంటి ఫైలు ఎవరి ఫోన్లోనో ఉండే ఉంటుంది. ఒకసారి వెతకండి.