చెమట ఆరే దారి

వేసవి రాగానే ఇంటి మూల ఇసుక పోసి, తడిపి, దాని మీద కొత్త కుండ పెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. నీళ్లు పోసిన కాసేపటికే కుండ చుట్టూ చెమ్మ పడుతుంది. మట్టి రంధ్రాల గుండా ఊరిన ఆ నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతుంది. రంగు పూసి రంధ్రాలు మూసేస్తే ఆ చల్లదనం రాదు.

మంచు నీరవ్వాలన్నా, నీరు ఆవిరవ్వాలన్నా వేడి ఖర్చవుతుంది. ఆ ఖర్చు థర్మామీటరుకు అందదు. ఎంత సెగ తగిలినా మంచుగడ్డ పూర్తిగా కరిగేదాకా సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. 1760ల తొలినాళ్లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ ఈ సంగతి ప్రయోగపూర్వకంగా చూపాడు. బడి పుస్తకాల్లో మనం చదువుకున్న గుప్తోష్ణం ఇదే. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు చాలు. మరుగుతున్న గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 540 కేలరీలు కావాలి. అణువుల మధ్య పట్టు విడిపించడానికే ఆ వేడిలో చాలా భాగం సరిపోతుంది.

ఎండాకాలం మన ప్రాణాన్ని నిలబెట్టేదీ ఈ సూత్రమే. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరాలి. అనంతపురం పొడి ఎండలో చెమట ఇట్టే ఆరుతుంది, ఒంట్లో నీరు మాత్రం తెలియకుండానే తరిగిపోతుంది. మచిలీపట్నం, కాకినాడ ఉక్కపోతలో గాలి నిండా తేమే కాబట్టి చెమట కారిపోతుందే గానీ ఆరదు. వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. ఎండ అంత తీవ్రంగా లేనట్టు కనిపించిన రోజునే మనిషి కుప్పకూలడానికి ఇదో కారణం.

2015 మే నెల వడగాడ్పులకు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఎండన పడి పనిచేసే కూలీలు. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి పనివేళలు నిర్ణయిస్తే అలాంటి ప్రాణాలు దక్కవు. గాలిలో తేమనూ లెక్కలోకి తీసుకోవాలి. ఉపాధి పనుల చోట, ఇటుక బట్టీల్లో, భవన నిర్మాణాల దగ్గర నీడ, గాలి, తాగునీరు, మధ్యాహ్నం విరామం తప్పనిసరి చేయాలి. చలివేంద్రం పెట్టే దాతలు పక్కనే ఓ పందిరి కూడా వేయిస్తే మరీ మేలు. దాహం తీర్చడం ఎంత పుణ్యమో, కూలీ ఒంటి మీద చెమట ఆరేందుకు కాసేపు నీడపట్టున కూర్చోనివ్వడమూ అంతే పుణ్యం.