వీపున సంచి... చేతిలో లెక్క!

ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రేగ్, వియన్నా, వెనిస్, రోమ్... తొలిసారి ఒంటరిగా యూరప్ వెళ్లాలనుకునేవాళ్ల జాబితా ఇలాగే మొదలవుతుంది. సెలవు చూస్తే పదిహేను రోజులు, రాసుకున్నవి పన్నెండు ఊళ్లు! అంత దూరం వెళ్తూ ఏది వదిలేయడానికైనా మనసొప్పదు మరి.

ఇంట్లోవాళ్ల ఆలోచన వేరు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన అమ్మాయి ‘నేనొక్కదాన్నే వెళ్లొస్తా’ అనగానే ‘తోడెవరే?’ అంటుంది అమ్మ. ‘ఎంతవుతుందమ్మా?’ అంటాడు నాన్న. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండింటికీ జవాబు ఆ జాబితాలోనే ఉంది. అది ఎంత చిన్నదైతే ఖర్చూ భయమూ అంత తగ్గుతాయి.

పూటలు పోతున్నాయ్!

ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట ఖర్చయిపోతుంది. పొద్దున్నే సంచి సర్దుకోవాలి, స్టేషన్‌కి చేరాలి, రైలెక్కాలి, దిగాక బస వెతుక్కోవాలి. చాలాచోట్ల మధ్యాహ్నం రెండూ మూడు దాటితేగానీ గది ఇవ్వరు. పన్నెండు ఊళ్లంటే పదకొండు మార్పులు. పూటకి పూట లెక్కేసినా అయిదున్నర రోజులు దారిలోనే గడిచిపోతాయి. ప్రతి మార్పుకీ ఒక టికెట్టు, కొత్త స్టేషన్‌లో ఒక కంగారు అదనం. నలుగురు కలిసి వెళ్తే ఒకరు సామాన్ల దగ్గర కూర్చుంటారు, ఒకరు దారి కనుక్కుంటారు. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఆ పనులన్నీ తామే చేసుకోవాలి.

అందుకే తొలి ప్రయాణానికి మూడు ఊళ్లు చాలు. ప్రేగ్‌లో నాలుగు రాత్రులు, వియన్నాలో ఆరు, బుడాపెస్ట్‌లో నాలుగు అనుకుందాం. ప్రేగ్ నుంచి వియన్నాకి రైల్లో సుమారు నాలుగు గంటలు, అక్కణ్నుంచి బుడాపెస్ట్‌కి మూడు గంటల లోపే. వియన్నాలో ఉన్నప్పుడు ఓ రోజు స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాకి వెళ్లి రావచ్చు. రైల్లో గంట ప్రయాణం. సంచి బసలోనే ఉంటుంది, నాలుగో దేశమూ చూసినట్లవుతుంది! విమానం టికెట్టు కూడా ప్రేగ్‌కి వెళ్లి బుడాపెస్ట్ నుంచి తిరిగొచ్చేలా తీసుకుంటే మళ్లీ వెనక్కి వెళ్లే బాధ తప్పుతుంది.

వీసాకి రాత్రుల లెక్క

వియన్నాకి ఆరు రాత్రులు ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. షెంజెన్ ఒప్పందంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. ఒకే వీసాతో అన్నీ తిరగొచ్చుగానీ, దరఖాస్తు మాత్రం ఎక్కువ రోజులుండే దేశానికే చేసుకోవాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. పై లెక్క ప్రకారం దిగేది ప్రేగ్‌లోనైనా దరఖాస్తు ఆస్ట్రియాకే. జాబితా గజిబిజిగా ఉంటే చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెబుతారు, ఒక్కోసారి 45 రోజులు పట్టొచ్చు. వేసవి రద్దీలో వేలిముద్రలిచ్చే అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం కాబట్టి రెండు మూడు నెలల ముందే పని మొదలుపెట్టడం మేలు. పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలైనా ఉండాలి. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకోగలిగే బుకింగులే చేసుకోవాలి. ఉత్తుత్తి బుకింగ్ కాగితాలు జతచేస్తే మొదటికే మోసం.

ఇంకో సంగతి. బ్రిటన్, ఐర్లండ్ ఈ 29 దేశాల్లో లేవు. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్లినవాళ్లు మధ్యలో ‘ఓసారి లండన్ చూసొద్దాం’ అని బయటికెళ్తే ఆ వీసా అక్కడితో సరి! ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదన్న నిబంధన కూడా ఉంది. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త పద్ధతిలో రాకపోకలన్నీ వేలిముద్రలతో సహా కంప్యూటర్‌లో నమోదవుతాయి. ఒక్కరోజు ఎక్కువున్నా తెలిసిపోతుంది.

పాసు కొనాలా?

యూరప్ అనగానే యూరైల్ పాసు గుర్తొస్తుంది. 33 దేశాల్లో పనికొచ్చే పాసు కూడా ఉంది. రోజుమార్చి రోజు దూరాభారం తిరిగేవాళ్లకి అది లాభమేగానీ, మూడు ఊళ్లకి దండగ. ఆ రెండు టికెట్లూ విడిగా ముందే కొనుక్కుంటే చవక. పైగా ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో వేగంగా వెళ్లే రైళ్లకి పాసున్నా సీటు కోసం మళ్లీ డబ్బు కట్టాలి. జర్మనీలోనో ఇటలీలోనో చదువుకుంటున్న మన పిల్లలు మాత్రం యూరైల్ జోలికి పోనక్కర్లేదు. అక్కడ నివాసం ఉండేవాళ్లకి ఇంటర్‌రైల్ అని వేరే పాసుంది.

చౌక విమానాల టికెట్టు చూసి మురిసిపోయేముందు విమానాశ్రయం ఎక్కడుందో చూడాలి. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తగిలించుకున్న హాన్ విమానాశ్రయం ఆ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరం!

తలదాచుకునే చోటు

1909లో రిచర్డ్ షిర్‌మన్ అనే జర్మన్ టీచరు పిల్లల్ని నడక యాత్రకి తీసుకెళ్లి గాలివానలో చిక్కుకున్నాడు. ఓ బడిలో తలదాచుకున్న ఆ రాత్రే ఆయనకి యూత్ హాస్టళ్ల ఆలోచన వచ్చింది. ఆల్టెనా కోటలో ఆయన పెట్టిన హాస్టల్‌ని ఇప్పటికీ చూడొచ్చు. ఈ హాస్టళ్లలో గదికి బదులు మంచానికి డబ్బు కడతారు. ఆడవాళ్లకే ప్రత్యేకించిన గదులు చాలాచోట్ల ఉంటాయి, తాళంకప్ప మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. వంటగది ఉన్న హాస్టల్ ఎంచుకుంటే తిండి ఖర్చు బాగా తగ్గుతుంది. అన్నట్టు, ఆస్ట్రియాలో ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. పెద్ద రైల్వేస్టేషన్లలోవే దిక్కు.

సంచి ఏడెనిమిది కిలోలు దాటకూడదు. వారానికి సరిపడా బట్టలు చాలు, ఉతుక్కోవచ్చు. అమ్మ ప్రేమగా పెట్టే నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాలతో, మాంసంతో చేసినవాటిని యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. చేతిసంచిలో ఆవకాయ సీసా ఉంటే వంద మిల్లీలీటర్ల నిబంధన దగ్గర ఆగిపోతుంది. కందిపొడి, కరివేపాకు పొడి నయం!

అమ్మకో కబురు

ఇక తోడు సంగతి. ఏ ఊళ్లోనైనా వెలుతురుండగానే దిగాలి. జూన్‌లో ప్రేగ్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగుకే పొద్దు గూకుతుంది. డబ్బూ కార్డులూ రెండుచోట్ల పెట్టుకోవాలి. రద్దీ ట్రాముల్లో, ప్రేగ్‌లోని చార్లెస్ వంతెన మీద జేబుదొంగలుంటారు. పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితాల నకళ్లు ఇంట్లో ఒక కట్ట ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశంలోనైనా ఆపదకి పిలవాల్సిన నంబరు 112.

గంటగంటకీ ఫోన్ చేయమంటే తిరిగేవాళ్లకి విసుగు, చేయకపోతే ఇంట్లోవాళ్లకి దిగులు. ముందే ఒక వేళ అనుకుంటే ఇద్దరికీ సుఖం. వేసవిలో అక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి పది, అక్కడ సాయంత్రం ఆరున్నర. రోజూ ఆ వేళకి ఒక కబురు, రేపటి బస చిరునామా. అది రాకపోతే ముందు హాస్టల్‌కి ఫోన్ చేయాలి, ఆ తర్వాతే కంగారు పడాలి. ఆ నంబర్లు అమ్మ దగ్గర కాగితం మీద రాసి ఉండాలి.

వీసాకి వెళ్లేముందు ఓ చిన్న పరీక్ష పెట్టుకుంటే ఇంకా మంచిది. అదే సంచి భుజానేసుకుని ఒంటరిగా రెండ్రోజులు హంపీ వెళ్లి రావడమే. సంచి బరువెంతో, ఒక్కతే కూర్చుని భోంచేయడం ఎలా ఉంటుందో, రాత్రి పదింటి కబురు గుర్తుంటుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. వదిలేసిన తొమ్మిది ఊళ్లూ ఎక్కడికీ పోవు. భారతీయులకి 2024లో మారిన నిబంధనల ప్రకారం మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవాళ్లు రెండేళ్లపాటు ఎన్నిసార్లయినా వెళ్లొచ్చే వీసాకి అర్హులవుతారు. రోమ్, ప్యారిస్ అప్పటికి ఉంచుకుంటే సరి!