రోగం తగ్గించుకోడానికి పోతే కొత్త రోగం అంటిస్తారా?



సాంచె ఆగితే యజమాని ఉరికొస్తాడు. కార్మికుడు మంచాన పడితే మాత్రం దవాఖానాకు చీటీ రాసిచ్చి చేతులు దులుపుకుంటాడు. ఆ దవాఖానా లోపల ఏం జరుగుతోందో ఈసారి మాట్లాడుకుందాం.

ఈ మధ్య మన సభ్యుడొకరు వేలు నలిగి దవాఖానాలో చేరారు. చూడటానికి వెళ్లాను. కట్లు కట్టే గదిలో కుళాయి ఉంది, నీళ్లు లేవు. సబ్బు అసలే లేదు. ఒకరి పుండు తుడిచిన చేతి తొడుగులతోనే ఇంకొకరి కట్టు విప్పారు. నాలుగో రోజుకు మనవాడి వేలు చీము పట్టింది. వారంలో పనికి రావలసిన మనిషి నెలన్నర ఇంట్లో కూర్చున్నాడు. ఇదేమిటని అడిగితే అక్కడి పెద్ద డాక్టరుగారి జవాబు: "మీ వాళ్లకు శుభ్రత తెలియదు."

అయ్యా, మీ కుళాయిలో నీళ్లు రాకపోవడం మా అశుభ్రతా?

ఇది నిన్న మొన్న కనిపెట్టిన శాస్త్రం కాదు. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు ఒక సంగతి గమనించాడు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారు, బాలింతలు జ్వరంతో చనిపోతున్నారు. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. చావులు బాగా తగ్గాయి. అయినా పెద్ద పెద్ద డాక్టర్లు "మా చేతుల్లో దోషమా?" అని కోపగించుకున్నారు. ఆ అహంకారం ఇంకా చావలేదు. సబ్బుతో సరిగ్గా చేతులు కడగడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం లేక మనవాడి నెలన్నర కూలి పోయింది.

ఇక మన ఊపిరితిత్తుల మాట. బ్లోరూంలో, కార్డింగ్ ఖాతాలో దూది దుమ్ము పీల్చి వచ్చే జబ్బు బిసినోసిస్. వారపు సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజు ఛాతీ బిగపట్టడం దాని గుర్తు. అది ఒకరి నుండి ఒకరికి అంటదు. టీబీ అంటుతుంది, గాలి ద్వారా అంటుతుంది. రెండు రకాల దగ్గువాళ్లనూ కిటికీలు మూసిన ఒకే గదిలో గంటల తరబడి కూర్చోబెడితే ఏమవుతుంది? దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితో లోపలికి పోయినవాడు టీబీ కూడా మోసుకొని ఇంటికి రావచ్చు. ఎదురెదురు కిటికీలు తెరవడానికి, దగ్గేవాళ్లను వేరుగా కూర్చోబెట్టి ముందు చూసి పంపడానికి బడ్జెట్ కావాలా?

నర్సులు, స్వీపర్లు మనకు శత్రువులు కారు. వాళ్లూ మనలాంటి కార్మికులే. వాడిన సూదులను గుచ్చుకోని తెల్లని డబ్బాలో వేయాలని, చెత్త ఎత్తేవాళ్లకు హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. నేను చూసిన కాంట్రాక్టు స్వీపరమ్మ మాత్రం వట్టి చేతులతో సూదులు ఏరుతోంది. కాంట్రాక్టరు లాభం ఆమె నెత్తురులోంచి వస్తోంది.

మన తప్పూ ఒప్పుకుందాం. సూది వేస్తేనే మంచి డాక్టరని నమ్మేది మనమే. గుజరాత్‌లోని మొడాసా పట్టణంలో 2009లో వాడిన సిరంజీలనే మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్ బి ప్రబలి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. ప్యాకెట్టు మన కళ్ల ముందు చింపకపోతే చెయ్యి చాపకండి. వార్డులో ఉమ్మకండి. ఒక రోగి దగ్గరికి పదిమంది పోకండి.

ఈఎస్ఐ ఎవరో వేసే బిచ్చం కాదు. 2019 జూలై నుండి మన జీతంలో నూటికి 75 పైసలు కోస్తున్నారు, యజమాని 3 రూపాయల 25 పైసలు కడుతున్నాడు. అదీ మన చెమటలోంచి వచ్చిందే. సాంచెల కార్ఖానాల్లో ఆ కార్డు కూడా లేని సోదరులెందరో ఉన్నారు. వాళ్లు పోయే సర్కారు దవాఖానాలోనూ ఇవే డిమాండ్లు పెడదాం:

1. ప్రతి వార్డులో, కట్లు కట్టే గదిలో నీళ్లు, సబ్బు ఉండాలి.
2. ఒక రోగికి వాడిన తొడుగులు ఇంకొకరికి వాడరాదు.
3. దగ్గు రోగులకు గాలి ఆడే వేరే స్థలం ఇవ్వాలి.
4. కాంట్రాక్టు స్వీపర్లకు తొడుగులు, బూట్లు, టీకాలు ఇవ్వాలి.

వచ్చే గేటు మీటింగులో ఈ నాలుగింటి మీదా సంతకాలు సేకరిస్తాం. ప్రతి ఖాతా నుండి, ప్రతి షిఫ్టు నుండి రండి. దవాఖానాకు పోయేది బతకడానికి!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి