చలాన్లకు ఆషాఢం సేల్ దేనికి?

తెలంగాణ హోం శాఖ ఉన్నతాధికారులకు,

2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు. టూవీలర్లకు, ఆటోలకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు. ఈసారి టూవీలర్లకు, ఆటోలకు 80, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకైతే ఏకంగా 90. మధ్యలో ప్రభుత్వం మారింది, రాయితీ మాత్రం పెరిగింది. రెండుసార్లూ గడువు పొడిగించారు కూడా.

బకాయిలు రాబట్టడానికి మీరు పడే తిప్పలు అర్థం కానివేం కావు. కానీ దీనివల్ల జనానికి బోధపడిందేమిటి? చలానా పడిన రోజే కట్టినవాడు వెర్రివాడని! చీరల కోసం ఆషాఢం దాకా ఆగినట్టే ఇప్పుడు చలాన్లకూ ఆగుతున్నారు. వెంటనే పూర్తి మొత్తం కట్టినవాడికి మీరు తిరిగిచ్చింది రూపాయి లేదు.

ఫ్రీ లెఫ్ట్ సంగతే చూడండి. అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో సిగ్నల్ పడితే చాలు, నేరుగా వెళ్లాల్సిన కారు ఎడమ దారికి అడ్డంగా నిలబడిపోతుంది. వెనక హారన్లు మోగుతున్నా ఆ డ్రైవరు ఫోన్లోంచి తల ఎత్తడు. అంబులెన్స్ వచ్చినా అంతే. కాస్త ముందుకు జరగండి మహాప్రభో అంటే, గీత దాటితే ఫొటో తీస్తారండీ అంటాడు. దారికి అడ్డం నిలబడ్డప్పుడు గుర్తురాని రూల్ అప్పుడు గుర్తొస్తుంది! 2022 అక్టోబరులో 'ఆపరేషన్ రోప్' మొదలుపెట్టి పోలీసులు స్టాప్ లైన్ దాటితే 100, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డమొస్తే 1,000 రూపాయల జరిమానా అన్నారు. మంచి పనే. పదిహేను నెలలు తిరక్కుండానే రాయితీ లెక్కలో ఆ వెయ్యి కారుకు 400, బైకుకు 200 అయింది. ఎండలో నిలబడి ఆ ఫొటో తీసిన కానిస్టేబుల్ ఏమనుకుని ఉంటాడు?

రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లందరినీ ఒకే గాటన కట్టను. కూడళ్లు మూసేసి యూటర్న్‌లు ఎక్కడో దూరాన పెడితే, ఎదురుగా కనిపించే ఇంటికి అంత చుట్టు తిరగడానికి ఎవరికైనా మనసొప్పదు. ఆ తప్పులో రోడ్డు గీసినవాళ్లకూ వాటా ఉంది. కానీ ఫ్లైఓవర్ మీద ఎదురొస్తూ, పైగా హైబీమ్ కొట్టి మననే తప్పుకోమనేవాడికి ఆ సాకు లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఎదురు దిశలో నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది. జైలు శిక్షకూ వీలుంది. అలాంటిదానికి కూడా డిస్కౌంటా?

ఇకపై రాయితీలు ఉండవన్న మాట సభల్లో చెబితే చాలదు, జీవో ఇవ్వండి. ఎన్నికలొచ్చినా దాన్ని పక్కన పెట్టలేనంత గట్టిగా రాయండి. వసూలు ప్రభుత్వ వాహనాలతో మొదలుపెడితే మిగతావాళ్ల నోరు దానంతటదే మూతపడుతుంది. నంబర్ ప్లేటుకు మాస్కు తొడిగి తిరిగే ఘనులను కెమెరాలు ఎలాగూ పట్టలేవు, వాళ్లను రోడ్డు మీదే ఆపాలి.

ఇంకొకటి. ఇంట్లో ఉన్న బండికి ఎవరో చేసిన తప్పుకు చలానా వచ్చిందని మొత్తుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కావాల్సింది రాయితీ కాదు, రద్దు. ఫిర్యాదు అందాక ఎన్ని రోజుల్లో తేలుస్తారో కూడా ఆ జీవోలోనే రాయండి.

ఇట్లు,
చలాన్లు పూర్తిగా కట్టేసిన ఒక హైదరాబాదీ