అంగుళమెత్తు మనుష్యుడు

యుద్ధ హెలికాప్టర్ల నమూనాలను కూర్చుట ఓర్పుగలవారి విద్య. 72వ వంతు కొలతలో ఆరడుగుల మనుష్యుడు సరిగా అంగుళమగును.

1956లో తొలిసారి ఎగిరి, వియత్నాం యుద్ధమున పేరుమోసిన అమెరికా ‘హ్యూయీ’ హెలికాప్టరునే చూతము. అందలి పెద్దరకమునకు పైరెక్కల వ్యాసము 48 అడుగులు. నమూనాలో 8 అంగుళములు. నేర్పరి ఆ రెక్కలను తిన్నగా నిలుపడు. ఆగియున్న యంత్రమున అవి స్వభారముచే కొంచెము క్రిందికి వంగునని ఎరుగును. బూట్ల రాపిడికి గడపవద్ద రంగు లేచిపోయినట్లును చూపును.

ఆ బూట్లు ఎవరివి? ఇద్దరు చోదకులు, యంత్రమును కనిపెట్టి చూచువాడు, వాకిట తుపాకి పట్టినవాడు, సాధారణముగా నలుగురు. క్షతగాత్రులను మోసి బ్రతికించినది ఆ యంత్రమే. పల్లెలపై గుండ్లు కురిసినదియు దానినుండియే. ఆ యుద్ధమున నశించిన అమెరికా హెలికాప్టర్లు సుమారు 5,000.

మనుష్యులు లేని నమూనా చక్కని ఆటవస్తువు. వారిని కూర్చుండబెట్టినంతనే అది చరిత్రలోనికి వచ్చును. కావున పిల్లలకు ఈ విద్య గరపువారు రివెట్ల లెక్కతో ఊరకుండరాదు. ఆ నలుగురు ఎచటికి పోయిరో, ఏల పోయిరో, క్రింద ఎవరుండిరో కూడ చెప్పవలెను. మినపగింజంత ముఖమునకు కన్నులు దిద్దువాడు ఆపాటి తెలిసికొనుట న్యాయము.