టికెట్ కంటే ముందు బీమా

పార్సిప్పనీలో, పక్కనే ఉన్న లేక్ హయవాథాలో సాయంత్రం పూట అలా నడిచి వస్తే తెలుగు తాతయ్యలు, అమ్మమ్మలు ఎదురుపడటం ఇప్పుడు వింతేమీ కాదు. మనవల్ని ఆడించడానికి వచ్చి, గ్రీన్‌కార్డు మీద ఇక్కడే ఉండిపోయినవారు వారిలో చాలామందే. వారికి గది, పూజామందిరం, తెలుగు చానెళ్లు అన్నీ పిల్లలు ముందే అమరుస్తారు. ఒక్క ఆరోగ్య బీమా సంగతి మాత్రం ‘వచ్చాక చూద్దాంలే’ అంటారు. మా అభ్యంతరమల్లా అక్కడే.

‘ఇన్నేళ్లుగా పన్నులు కడుతున్నాం, అమ్మానాన్నలకు మెడికేర్ రాదా?’ అని మనవాళ్లు అడుగుతుంటారు. పిల్లలు కట్టిన పన్నులు తల్లిదండ్రుల లెక్కలోకి రావు. వారికి 65 ఏళ్లు నిండాలి, గ్రీన్‌కార్డు ఉండాలి, ఐదేళ్లు ఎడతెగకుండా ఇక్కడ నివసించి ఉండాలి. మధ్యలో ఇండియా వెళ్లి నెలల తరబడి ఉండిపోతే ఈ లెక్కలో చిక్కులొస్తాయి. ఐదేళ్లు గడిచినా అంతా ఉచితం కాదు. భార్యాభర్తల్లో ఒక్కరైనా ఇక్కడ దాదాపు పదేళ్లు పనిచేసి పన్ను కట్టి ఉండకపోతే, ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్-ఎ కొనుక్కోవాల్సిందే. 2026లో దాని ప్రీమియం మనిషికి నెలకు 565 డాలర్లు. డాక్టర్ ఫీజుల కోసం పార్ట్-బికి మరో 202.90 డాలర్లు. ఇద్దరికీ కలిపితే నెలకు 1,500 డాలర్లు దాటుతుంది.

మరి ఆ మొదటి ఐదేళ్ల మాటేమిటి? న్యూజెర్సీలో ‘గెట్ కవర్డ్ ఎన్‌జే’ ద్వారా బీమా కొనుక్కోవచ్చు. ఆదాయం బాగా తక్కువగా ఉన్న కొత్త గ్రీన్‌కార్డుదారులకు ప్రీమియంలో ఫెడరల్ సాయం 2025 వరకూ అందేది. 2025 జులైలో వచ్చిన చట్టం, పేదరికపు గీతకు దిగువన ఉన్న అలాంటివారికి 2026 నుంచి ఆ సాయాన్ని తీసేసింది. అందుకే పాత లెక్కలు నమ్ముకుని టికెట్లు కొనవద్దు. చుట్టపుచూపుగా వచ్చేవారి కోసం అమ్మే విజిటర్ బీమా చవకే. కానీ ముందునుంచీ ఉన్న షుగరు, బీపీ, గుండెజబ్బులకు అది చాలావరకు అక్కరకు రాదు. షరతులు చదవకుండా ధర చూసి కొనడం మనవాళ్లకున్న మరో అలవాటు.

మందుల సంగతి కాస్త నయం. 2006లో మొదలైన పార్ట్-డిలో, కవరయ్యే మందులకు రోగి సొంత జేబులోంచి పెట్టే ఖర్చు 2026లో 2,100 డాలర్లు దాటకూడదు. కవరయ్యే ఇన్సులిన్‌కు 2023 నుంచి నెలకు 35 డాలర్లకు మించి తీసుకోరు. న్యూజెర్సీవాసులైన పెద్దలకు ఆదాయ పరిమితికి లోబడి ‘పాడ్’ అనే రాష్ట్ర పథకం ఉంది. అందులో కవరయ్యే జనరిక్ మందుకు 5 డాలర్లు, బ్రాండ్ మందుకు 7 డాలర్లు కడితే చాలు. మన పెద్దల్లో దీని పేరు విన్నవారే తక్కువ! ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకునే మాత్రలు ఎన్నాళ్లని వస్తాయి?

గడువులు మరిచిపోతే జరిమానా పడుతుంది. మరో బీమా లేకుండా పార్ట్-బి ఆలస్యం చేస్తే, ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకు ప్రీమియం పది శాతం చొప్పున పెరుగుతుంది. సాధారణంగా ఆ భారం పార్ట్-బి ఉన్నంతకాలం మోయాల్సిందే. మందుల ప్లాన్ మార్చుకోవడానికి ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా సమయం ఉంటుంది. ‘షిప్’ పేరుతో ప్రభుత్వమే ఉచితంగా సలహాదారులను ఏర్పాటు చేసింది. వారు ఏ కంపెనీ పాలసీలూ అమ్మరు.

మన తెలుగు సంఘాలకు మాదొక విన్నపం. దసరా, దీపావళి సంబరాలు దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి. పాటల పోటీల మధ్య ఒక్క గంట ఈ విషయానికి కేటాయించండి. షిప్ సలహాదారును పిలిచి, పక్కన తెలుగులో విడమరిచి చెప్పేవారిని నిలబెట్టండి. ఫారాల్లోని ఇంగ్లిష్ చూసి జంకే పెద్దలు అప్పుడు తమ సందేహాలు తామే అడుగుతారు.

పిల్లలకూ ఒక మాట. జబ్బుల గురించి ముందే మాట్లాడుకోవడం అపశకునమేమీ కాదు. అమ్మానాన్నలను అడిగి వారి జబ్బులు, వాడే మందులు ఈ వారమే కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ముందు పెట్టుకుని బీమా ఖర్చు లెక్కేయండి. ఆ తర్వాతే టికెట్ కొనండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆస్పత్రి బిల్లు తగ్గదు.