తవ్విందెవరు?

భూమిని తవ్వే జంతువు అనగానే మనకు ముందుగా తలపుకు వచ్చేది ఆదివరాహమూర్తి. పూర్వపు కరీంనగరు జిల్లా కమాన్‌పూర్‌లో ఆ స్వామికి గుడి ఉన్నది. ఆ ప్రాంతంలోనే సింగరేణి బొగ్గుబావులూ ఉన్నవి. ఆ సొరంగాలు ఎవరు తవ్వారంటే అక్కడి చిన్నపిల్లలైనా చెబుతారు. కాని మనిషి తవ్వనిదీ, నీరు తొలవనిదీ ఒక సొరంగం కనబడితే ఏమనుకోవాలి?

దక్షిణ బ్రెజిల్‌లో హైన్రిచ్ ఫ్రాంక్ అనే భూగర్భశాస్త్ర ఆచార్యునికి ఇటువంటి చిక్కే వచ్చింది. నోవో హాంబుర్గో అనే ఊళ్ళో, కట్టడం కోసం నేలను చెక్కిన చోట ఒక బిలం కనిపించింది. కొన్ని వారాల తర్వాత తిరిగివచ్చి లోపలికి పాకితే అది సుమారు 15 అడుగుల పొడవున్నది. వెల్లకిల పడుకొని చూస్తే పైకప్పు నిండా గోళ్ళ గీతలు!

ఆ గోళ్ళు రాక్షసులవి కావు. ఇప్పుడు చెట్టుకొమ్మలకు తలకిందులుగా వేలాడే స్లాత్ అనే మందగమన జంతువుకు పూర్వం నేలమీద తిరిగే భారీ బంధువులు ఉండేవి. మన అలుగులాగా ఒంటినిండా కవచం ఉండే అర్మడిల్లోలలోనూ మహాకాయాలు ఉండేవి. ఆ బిలాలు వీటి పనే అంటున్నారు శాస్త్రజ్ఞులు. సుమారు 10 వేల ఏళ్ళ కిందట ఆ జంతువులు అంతరించినవి. ఇళ్ళు మాత్రం మిగిలినవి. రొండోనియా రాష్ట్రంలోని ఒక బిలం కొమ్మలన్నీ కలిపి దాదాపు 600 మీటర్లు. అందులోనుంచి తోడిన మట్టీ రాయీ 4 వేల టన్నులని అంచనా. ఒక్క ప్రాణి ఆయుష్షు చాలే పని కాదది, తరతరాల కాపురం.

పాలిచ్చే జంతువులు మొదటినుంచీ ఇంతింత లేవు. అందుకు సాక్ష్యం మన ప్రాణహిత తీరపు రాళ్ళలోనే ఉన్నది. 16 కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ కోటా శిలలలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసారు అస్థిపంజరం హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబడి ఉన్నది. పిల్లలు నోరు తెరచి చూస్తారు. అవే శిలలలో చుంచెలుకంతటి క్షీరదాల పళ్ళూ దొరికినవి. వాటిలో ఒకదానికి 1981లో కోటాథీరియం హాల్డేనీ అని పేరు పెట్టారు. భూతద్దం లేనిదే ఆనని పన్ను అది.

బ్రెజిల్‌లో బిలాన్ని బయటపెట్టిందీ యంత్రమే, ఒక్క పూటలో చెరిపివేయగలిగిందీ యంత్రమే. మన గోదావరి, ప్రాణహిత ఒడ్డుల్లోనూ నేలను తవ్వుతూనే ఉన్నాము. పొలంలోనో గనిలోనో వింత గుర్తున్న రాయి కనబడితే పగలగొట్టకండి. ఉన్నచోటనే ఫోటో తీసి, భూగర్భ సర్వే వారికి ఒక కబురు పెట్టండి. ఒకసారి పగిలిందా, తవ్విందెవరో చెప్పేందుకు మరి సాక్షి ఉండడు.